తుప్పు కింద పదును

పుస్తక సమీక్షల్లో ఒక మాట తరచుగా కనిపిస్తుంది. ఫలానా రచయిత పల్లె బతుకును చక్కగా చిత్రిక పట్టారని రాస్తుంటారు. బొమ్మ గీసినట్టు చూపించారని వాళ్ల ఉద్దేశం. చిత్రిక అనగానే చిత్రం గుర్తుకు రావడం సహజమే. వడ్రంగి దగ్గర మాత్రం ఆ మాటకు వేరే అర్థం ఉంది. రంపపు గాట్లను, ఎగుడుదిగుళ్లను పలచని పొట్టుగా లేపేసి, చెక్క లోపలున్న నునుపును బయటికి తేవడాన్ని చిత్రిక పట్టడం అంటారు. ఆ పని చేసే పనిముట్టే చిత్రిక. తెలంగాణలో చాలాచోట్ల రందా అంటారు. మాట ఇంతగా వాడుకలో ఉండగానే పనిముట్టు మన కళ్ల ముందు నుంచి పోతోంది. అది నాకు బాధ కలిగించే సంగతి.

ఎక్కడికి పోతోందో చూడాలంటే ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఎర్రగడ్డ సంతకు వెళ్లండి. లేదా గురువారం జుమ్మేరాత్ బజారుకు వెళ్లండి. నేల మీద పట్టా పరిచి పాత ఫ్యాను రెక్కలు, కుళాయిలు, స్పానర్లు, తాళం కప్పలు కుప్ప పోసి ఉంటాయి. ఆరేళ్ల కిందట అలాంటి కుప్పలో అడుగున నా చేతికి ఒక ఇనప చిత్రిక తగిలింది. 14 అంగుళాల పొడవు. పిడి కొన విరిగిపోయింది. బ్లేడు మీద తుప్పు పెచ్చులు కట్టి ఉంది. అమ్మే మనిషి దాన్ని అరచేతిలో పైకీ కిందికీ ఊపి, "ఇనుమే రెండు కిలోలు దాటుతది సార్, ఆరొందలు ఇయ్యిండ్రి" అన్నాడు. నాలుగొందల యాభైకి తెగింది. ఇంటికి తెచ్చి కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే ముందు వైపు బెయిలీ అన్న పోత అక్షరాలు తేలాయి. వెనక పిడి దగ్గర మేడిన్ ఇంగ్లండ్ అని ఉంది.

ఆ మనిషి చెప్పిన ధరలో తప్పేం లేదు. ఇనుముగా దాని విలువ కిలోల లెక్కే. పనిముట్టుగా దాని విలువ తెలియాలంటే దాన్ని విప్పాలి, శుభ్రం చెయ్యాలి, పదును పెట్టాలి, ఒక టేకు ముక్క మీద తొయ్యాలి. ఇది కష్టమైన పని కాదు. రెండు సెలవు రోజుల ఓపిక చాలు. అయితే ఏది బాగుచెయ్యాలో, దేన్ని వదిలెయ్యాలో తెలిసి ఉండాలి. నేను చూసినంతలో పాత చిత్రికలు తుప్పు వల్ల పాడైనవి తక్కువ. తెలియక కొని, తెలియక రుద్ది పాడుచేసినవే ఎక్కువ.

చిత్రిక చాలా పాతది. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద మునిగిపోయిన పాంపేయి తవ్వకాల్లో రోమన్ వడ్రంగుల చిత్రికలు బయటపడ్డాయి. అప్పటి నుంచి ఇప్పటి దాకా దాని అమరిక ఒక్కటే. ఒక దిమ్మె, దిమ్మెకు అడుగున ఒక నోరు, నోట్లో ఏటవాలుగా నిలబడే బ్లేడు, ఆ బ్లేడు కదలకుండా ఒక చీల. మన వడ్రంగులు దిమ్మెను తామే గట్టి కర్రతో చెక్కుకునేవాళ్లు. బ్లేడు మాత్రం కొనుక్కునేవాళ్లు. బ్లేడు ఎంత దిగాలో సుత్తి దెబ్బతోనే తేల్చేవాళ్లు. బ్లేడు తల మీద చిన్నగా కొడితే అది కిందికి దిగుతుంది. దిమ్మె వెనక కొడితే చీల వదులవుతుంది. ఆ రెండు దెబ్బల మధ్య వెంట్రుకవాసి తేడాను పట్టుకోవడానికి ఏళ్లు పట్టేది.

ఆ ఏళ్లను ఒక ఇత్తడి చక్రంలోకి కుదించినవాడు లెనార్డ్ బెయిలీ. అమెరికాలో బోస్టన్ ప్రాంతపు పనివాడు. 1858లోనూ, 1867లోనూ ఆయన తీసుకున్న పేటెంట్ల వల్ల ఇనప చిత్రికకు ఈనాటి రూపం వచ్చింది. చీలకు బదులు మీటతో బిగిసే ఇనప మూత వచ్చింది. పిడి పట్టుకున్న చేతి వేలితోనే తిప్పి బ్లేడును పైకీ కిందికీ సర్దుకునే చక్రం వచ్చింది. కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ బ్రిటన్ అనే ఊళ్లో ఉన్న స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1869లో ఆయన వ్యాపారాన్ని కొనేసింది. కొన్నేళ్లకు ఆయనకూ కంపెనీకీ చెడింది. కానీ బెయిలీ పేరు మాత్రం ఆ కంపెనీ చిత్రికల మీద వందేళ్లకు పైగా పోత అక్షరాలుగా నిలిచిపోయింది. బ్లేడును కుడికీ ఎడమకీ వాల్చే చిన్న మీటను 1880ల్లో అదే కంపెనీలోని జస్టస్ ట్రౌట్ చేర్చాడు. పేటెంట్ల గడువు తీరాక అందరూ ఇదే నమూనా చేశారు. ఇంగ్లండులో షెఫీల్డ్ నగరపు రికార్డ్ కంపెనీ 1931లో మొదలుపెట్టింది. నంబర్ల ముందు ఒక సున్నా పెట్టి 04, 05, 07 అని పిలిచింది. 1930ల చివర్లో స్టాన్లీ కూడా షెఫీల్డ్‌లో కర్మాగారం తీసుకుంది. నాకు సంతలో దొరికింది ఆ కోవలోదే.

నంబర్ల సంగతి కొంచెం చెప్పాలి. కొనేవాళ్లు తడబడేది ఇక్కడే. నంబరు పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుంది. 4వ నంబరు 9 అంగుళాల పైచిలుకు, 5వది 14, 7వది 22 అంగుళాలు. పొడవు ఎందుకో పొలం పనులు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దమ్ము చేసిన మడిలో చిన్న పలక లాగితే అది ప్రతి గుంటలోకీ దిగి, ప్రతి మిట్టనూ ఎక్కుతుంది. పొడవైన బల్ల మిట్టలను మాత్రమే కోసుకుంటూ పోతుంది. పొడుగు చిత్రిక కూడా అంతే. తలుపు చట్రం అంచు తిన్నగా రావాలంటే 7వ నంబరు కావాలి. చివరి నునుపుకు 4వ నంబరు చాలు. ఈ రెండింటి మధ్యనున్న 5వ నంబరు అన్ని పనులకూ పనికొస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా కూడా అదే. ఇక 1వ నంబరు లాంటి అరుదైనవి, లండన్ నోరిస్, స్కాట్లండ్‌లోని ఎయిర్ పట్టణపు స్పియర్స్ చేసిన ఖరీదైన చిత్రికలు సేకరణదారుల లోకానికి చెందినవి. పని కోసం వెతికేవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు.

బాగుచెయ్యడం గురించి మాట్లాడుకునే ముందు చిత్రిక లోపల జరిగేది అర్థం కావాలి. చెరుకు గడ పైతోలును పళ్లతో పట్టి లాగినప్పుడు చీలిక పళ్ల కన్నా ముందే పరిగెడుతుంది. కొన్నిసార్లు తోలుతో పాటు లోపలి గుజ్జు కూడా ఊడి వస్తుంది. చెక్కలోనూ ఇదే జరుగుతుంది. బ్లేడు నార కిందికి దూరి పైకి ఎత్తగానే చీలిక బ్లేడు కన్నా ముందుకు పోతుంది. నార పైకి వాలి ఉంటే చీలిక గాలిలోకి తేలిపోతుంది, నునుపు వస్తుంది. నార లోపలికి వాలి ఉంటే చీలిక చెక్కలోకి దిగుతుంది, పెచ్చు లేస్తుంది. దీన్నే ఎదురు నార అంటాం. ముడి చుట్టూ నార ఒక్క చోటే నాలుగు దిక్కులకూ తిరుగుతుంది కాబట్టి అక్కడ ఎటు నుంచి పట్టినా ఎదురు నారే.

చీలికను అదుపు చెయ్యడానికి చిత్రికలో రెండు కాపలాలు ఉన్నాయి. ఒకటి నోటి ముందంచు. బ్లేడుకు సరిగ్గా ముందు చెక్కను అదిమి పట్టి నార లేవనివ్వదు. రెండోది బ్లేడు మీద బిగించే క్యాప్ ఐరన్. లేచిన పొట్టును ఇది వెంటనే ముందుకు వంచి విరిచేస్తుంది. విరిగిన పొట్టుకు లాగే బలం ఉండదు, చీలిక అక్కడితో ఆగిపోతుంది. జపాన్‌లో యమగాత విశ్వవిద్యాలయపు ఆచార్యులు కాటో, కవాయి దీన్ని దగ్గర నుంచి చిత్రీకరించి చూపించారు. క్యాప్ ఐరన్ అంచును బ్లేడు కొసకు మిల్లీమీటరులో పదో వంతు దూరం దాకా జరిపితే ఎదురు నార కూడా నున్నగా తెగుతుందని ఆ దృశ్యాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పాత పనివాళ్లకు ఇది చేతి అనుభవంతో తెలుసు. చాలామంది ఈ ముక్కను బ్లేడు అదరకుండా ఉంచే బరువుగా మాత్రమే చూస్తారు. చిత్రికలో దీనికి మించిన భాగం లేదని నా నమ్మకం.

ఇప్పుడు సంతకు వెళ్దాం. తుప్పు చూసి వెనక్కి తగ్గకండి. పైపై ఎర్ర తుప్పు ఒక రాత్రిలో పోతుంది. చూడాల్సింది పగుళ్లు. చిత్రిక ఒళ్లు పోత ఇనుము, కింద పడితే వంగదు, పగులుతుంది. నోటి మూలలు, పక్క గోడలు నోటిని కలిసే చోట్లు వేలి గోరుతో తడిమి చూడండి. అనుమానంగా ఉంటే ఒక ఉపాయం ఉంది. కిరసనాయిలు రాసి, కాసేపాగి, పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, దాని మీద సుద్ద రుద్దాలి. పగులు ఉంటే లోపల దూరిన కిరసనాయిలు మెల్లగా బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి గీత తేలుతుంది. ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసుల్లో పగుళ్లను పట్టుకున్నది ఈ నూనె, సుద్ద పద్ధతితోనే. సంతలో కుదరదు గానీ, ఇంటి దగ్గర కొనేటప్పుడు తప్పక చెయ్యొచ్చు.

తర్వాత మరలు లెక్కపెట్టండి. పాత స్టాన్లీ మరల కొలతలు మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికేవి కావు. ఒక్క మర లేకపోయినా దాని కోసం నెలలు తిరగాల్సి వస్తుంది. ఇత్తడి చక్రం తిరుగుతోందా చూడండి. దానికి ఎడమచేతి మర ఉంటుంది, మామూలు మర అనుకుని బలవంతంగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. బ్లేడు ఎంత మిగిలిందో చూడండి. మధ్యలో ఉన్న పొడుగు చీలిక దగ్గర దాకా అరిగిపోయిందంటే ఆ బ్లేడు పని అయిపోయినట్టే. బ్లేడు వెనక వైపు, కొస దగ్గర తుప్పు గుంటలు పడితే అవి మానవు. ప్రతి గుంట పదునులో ఒక పన్ను ఊడినట్టు ఉంటుంది. అడుగు భాగం మీద గుంటలు మాత్రం పట్టించుకోనక్కర్లేదు, అవి చెక్కను తాకనే తాకవు.

వయసు కనిపెట్టడం ఒక సరదా, అవసరం కూడా. ఫ్రాగ్ అనే ఏటవాలు పోత ముక్క వెనక, దిమ్మె మీద మూడు పేటెంటు తేదీలు వరసగా కనిపిస్తే అది సుమారు 1910, 1918 మధ్యలో అమెరికాలో చేసింది. బ్లేడు మీద గుండె ఆకారం ముద్ర ఉంటే 1920 తర్వాతది. ఆ గుండె కంపెనీ అధ్యక్షుడు విలియమ్ హార్ట్ పేరుకు గుర్తు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇత్తడికి కరవొచ్చి చక్రాలను ఉక్కుతోనూ, గట్టి రబ్బరుతోనూ చేశారు. పిడులకు రంగు పూసిన మామూలు కర్ర వాడారు. అవి చూడ్డానికి మోటుగా ఉన్నా పోత మందంగా ఉంటుంది, పనికి బాగుంటాయి. నాసిరకం మొదలైంది ఆ తర్వాత. కరెంటు చిత్రికలు వచ్చి, చేతి చిత్రికతో పొట్టపోసుకునేవాళ్లు తగ్గిపోయాక, కంపెనీలు ఖర్చు తగ్గించుకున్నాయి. పోత ముక్కలు ఉండాల్సిన చోట మడిచిన రేకులు వచ్చాయి. కాబట్టి పాతదన్న మాట చాలదు, ఎప్పటి పాతదో చూడాలి. అలాగని కొత్తవన్నీ మంచివనీ కాదు. ముప్పై ఏళ్ల కిందట నేను మొదటిసారి కొన్న కొత్త చిత్రిక అడుగు విల్లులా వంగి ఉండేది. దాంతో కుస్తీ పడి, నాకు వడ్రంగం రాదని నిర్ణయించుకుని, రెండేళ్లు పని మానేశాను. లోపం నా చేతుల్లో లేదని పాతది ఒకటి పట్టుకున్నాకే తెలిసింది.

నాలుగొందల యాభై రూపాయల చిత్రికను ఎలా బాగుచేశానో చెబుతాను. ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాను. విప్పాక ఏ ముక్క ఎక్కడిదో గుర్తుండదు. మరలన్నింటినీ కిరసనాయిలు పోసిన గిన్నెలో వేశాను. పిడినీ, ముందు గుబ్బనూ తీసి పక్కన పెట్టాను. వాటిని నీళ్లు తాకకూడదు. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఇనప ముక్కలను అందులో ముంచాను. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే. మూడు నాలుగు గంటలకోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మళ్లీ వేశాను. సాయంత్రానికి నీళ్లు నల్లగా మారి, ఇనుము బూడిద రంగులోకి తిరిగింది. ఇక్కడ ఆశపడకూడదు. ఎక్కువసేపు ఉంచితే పులుపు తుప్పునే కాక ఇనుమునూ తింటుంది. బయటికి తీసి, వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే తుడిచి, ఎండలో ఆరబెట్టి నూనె రాశాను. ఐదు నిమిషాలు ఆలస్యమైనా మళ్లీ ఎర్రటి పొర కడుతుంది. ఇత్తడి చక్రానికి మాత్రం చింతపండు పెట్టాను. ఇంట్లో రాగి చెంబు తోమే పద్ధతే దానికీ.

బ్యాటరీ ఛార్జరుతో తుప్పు వదిలించే పద్ధతి కూడా ఉంది. బాగా పనిచేస్తుంది కూడా. కానీ అది ఒంటికి ఉన్న పాత నల్ల పూతను లేపేస్తుంది. ఆ పూత దాని చర్మం, అలాగే ఉండనిస్తే మంచిది.

ఇక అడుగు. మందపాటి అద్దం పలక మీద ఎమ్రీ కాగితం అంటించి, దాని మీద చిత్రికను ముందుకూ వెనక్కూ రుద్దాలి. రుద్దే ముందు బ్లేడును బిగించే ఉంచాలి, కాకపోతే కొస నోట్లోంచి బయటికి రాకుండా పైకి లాగాలి. బ్లేడు బిగింపుకు దిమ్మె కొద్దిగా వంగుతుంది, ఆ వంపుతోనే అది పనిచేస్తుంది కాబట్టి ఆ వంపుతోనే చదును చెయ్యాలి. అడుగంతా మార్కరుతో అడ్డగీతలు గీశాను. పదిసార్లు రుద్ది తిప్పి చూస్తే ముందు కొస దగ్గరా, వెనక కొస దగ్గరా గీతలు చెరిగాయి. నోటి చుట్టూ గీతలు చెక్కుచెదరలేదు. అంటే నోటి దగ్గర గుంట ఉంది. చెక్కను అదిమి పట్టాల్సిన మొదటి కాపలాదారు నేలనే తాకడం లేదన్నమాట. చెయ్యి మార్చి చెయ్యి గంటన్నర రుద్దితే గానీ నోటి ముందు గీతలు పోలేదు. ముందు కొస, నోటి ముందంచు, వెనక కొస ఈ మూడూ ఒకే మట్టానికి వస్తే చాలు. మిగతా చోట్ల గీతలు మిగిలినా నష్టం లేదు. అద్దంలా మెరిసేదాకా రుద్దేవాళ్లను చూశాను. ఆ శ్రమ పనికి ఏమీ కలపదు, నోటిని మాత్రం పెద్దది చేస్తుంది.

ఫ్రాగ్ దిమ్మెను తాకే చోట పాత మడ్డి గట్టిపడి ఉంది. అది గీకేస్తే చాలు. ఆ ముక్క ఊగకుండా కూర్చుంటేనే బ్లేడు అదరదు.

బ్లేడు దగ్గర నేను అందరికన్నా ఎక్కువ సమయం తీసుకుంటాను. ముందు దాని వీపు. కొస నుంచి రెండు సెంటీమీటర్ల మేర నున్నగా, సమంగా కావాలి. పదును అంటే రెండు నున్నటి తలాలు కలిసే గీత. వీపు గరుకుగా ఉంటే వాలు వైపు ఎంత సాన పట్టినా ఆ గీత ఏర్పడదు. వాలును 25 డిగ్రీలకు అరగదీసి, చివరి కొసను 30 డిగ్రీలకు సాన పట్టాను. కార్బరండం రాయి మీద మొదలుపెట్టి, సన్నరాయి మీద ముగించి, తోలు పట్టీ మీద నాలుగుసార్లు లాగాను. ముంజేతి వెంట్రుకలు రాలితే సరిపోయినట్టు. ఆ తర్వాత క్యాప్ ఐరన్. దాని అంచును బ్లేడు వీపు మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూశాను. ఒక మూల సన్నటి వెలుగు గీత కనిపించింది. ఆ సందులోకి పొట్టు దూరి ఇరుక్కుంటే ప్రతి నాలుగు తోపులకూ నోరు పూడుకుపోతుంది. చాలామంది చిత్రిక పాడైందని పారేసేది ఈ సందు వల్లే. రాయి మీద పది నిమిషాలు అంచును రుద్దితే వెలుగు పోయింది.

పిడి కొన విరిగిన సంగతి చెప్పాను కదా. పాత స్టాన్లీ మంచి చిత్రికలకు బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో పిడులు చేసేవాళ్లు. ఆ చెట్టు అంతరించే దశకు చేరడంతో 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. విరిగిందని అలాంటి పిడిని పొయ్యిలో పెట్టడం మహాపాపం. మన అడవుల్లో పెరిగే జిట్రేగి దానికి దాయాది, ఒకే వంశపు చెట్టు. నా దాంట్లో ఉన్నది ఏ కర్రో గానీ, ఒక పాత మంచం కోడు నుంచి తీసిన జిట్రేగి ముక్కను అతికించి, ఉప్పుకాగితంతో నున్న చేస్తే అతుకు వేలికి తగల్లేదు. కంటికి మాత్రం కనిపిస్తుంది. కనిపించనీ. బాగుచేసిన పనిముట్టుకు ఆ గుర్తు ఉండటమే నాకు ఇష్టం.

అన్నీ బిగించి, ఇత్తడి చక్రాన్ని రవ్వంత తిప్పి, టేకు ముక్క మీద తోశాను. మొదటి తోపుకు ఏమీ రాలేదు. మళ్లీ రవ్వంత తిప్పాను. ఒక పక్కనే దారంలా పొట్టు వచ్చింది. పక్క మీటను జరిపాను. మూడో తోపుకు బ్లేడు వెడల్పంతా పరుచుకుని రిబ్బనులా పొట్టు లేచి నా మణికట్టు మీద పడింది. టేకు నూనె వాసన గదంతా నిండింది.

చిన్నప్పుడు రాజమండ్రిలో మా ఇంటి తలుపులు చేసిన ఆచారిగారు ఒక మాట చెప్పారు. నేను ఆయన పక్కన కూచుని పొట్టు పోగుచేస్తుంటే, "మోత వినండి అబ్బాయిగారూ. చుయ్యిమని సాగితే పదునున్నట్టు. గీరినట్టుంటే ఉలి రాయి అడుగుతోందన్నమాట" అన్నారు. ఆయన చిత్రిక నల్లతుమ్మ దిమ్మె. అరచెయ్యి ఆనే చోట గుంట పడి, నూనె తాగి నల్లగా నిగనిగలాడేది. ఏటా దసరాకు పసుపు కుంకుమ పెట్టి, ఆ రోజు దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. పైసా కంపెనీ సరుకు లేని ఆ చిత్రికతో ఆయన తీసిన నునుపును నేను ఇంగ్లండు ఇనుముతో ఇంకా అందుకోలేదు.

అందుకే చెక్క చిత్రికల గురించీ చెప్పాలి. సంతల్లో వాటిని ఎవరూ ఇనుముగా కూడా లెక్కపెట్టరు, వంటచెరుకులో కలిసిపోతున్నాయి. నిజానికి వాటిని నిలబెట్టడం ఇంకా తేలిక. పుచ్చు పొడి రాలుతోందా, చెద పట్టిందా చూసుకోవాలి. నీళ్లలో నానబెట్టకూడదు. అడుగు అరిగి వంకరైతే మరో చిత్రికతోనో, అద్దం మీది ఉప్పుకాగితంతోనో సరిచెయ్యొచ్చు. అయితే నోరు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి, అడుగు తగ్గిన ప్రతిసారీ నోరు పెద్దదవుతుంది. పాత వడ్రంగులు నోటి ముందు చిన్న గూడు తొలిచి, గట్టి కర్ర ముక్కను అతికి నోటిని మళ్లీ బిగించేవాళ్లు. అలాంటి అతుకు ఉన్న చిత్రిక దొరికితే అది బాగా పనిచేసిన చిత్రిక అని అర్థం. దాని బ్లేడు కూడా మందంగా, బరువుగా ఉంటుంది. కొత్త దిమ్మె చెక్కుకున్నా ఆ బ్లేడు పనికొస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఉప్పుకాగితం మిషను నిమిషంలో నున్న చేస్తుంది కదా అని అడుగుతారు. చేస్తుంది. కానీ ఉప్పుకాగితం నారను గీకుతుంది, ఆ ధూళిని చెక్క రంధ్రాల్లో కూరుతుంది. బ్లేడు నారను కోస్తుంది. కోసిన చెక్క మీద వెలుతురు లోపలికి దిగి వెనక్కి వస్తుంది, గీకిన చెక్క మీద చెదిరిపోతుంది. టేకు మీద తేడా కొంతే తెలుస్తుంది. జిట్రేగి మీద చూడండి, ఊదా, నలుపు చారలు నీళ్ల కింద ఉన్నట్టు కనిపిస్తాయి. జపాన్‌లో కెజురో-కాయ్ పేరుతో వడ్రంగులు చేరి, ఎవరి పొట్టు ఎంత పలచన అని మైక్రాన్లలో కొలుచుకుంటారు. మన ఇళ్లకు అంత అక్కర్లేదు. చిత్రిక పట్టినప్పుడు గాలిలో ధూళి లేవదు, చెవులు దిబ్బళ్లు పడవు, కరెంటు పోయినా పని ఆగదు. రాత్రి పదింటికి అపార్ట్‌మెంట్ బాల్కనీలో చిత్రిక పట్టినా కింది ఇంటివాళ్లు నిద్ర లేవరు. ఇది నేను పరీక్షించి చెబుతున్న సంగతి.

కొన్నాక కాపాడుకోవడం పెద్ద పని కాదు. పని అయ్యాక పొట్టు దులిపి, కుట్టుమిషన్ నూనె తడిపిన గుడ్డతో ఒకసారి తుడవాలి. కొబ్బరినూనె వద్దు, చలికాలంలో గడ్డకట్టి జిగురు పడుతుంది. సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖ లాంటి ఊళ్లలో వానాకాలమంతా నూనె గుడ్డలో చుట్టి ఉంచాలి. నేల మీద పెట్టేటప్పుడు పక్కకు వాల్చి పెట్టడమో, కొసను చెక్క ముక్క మీద ఆనించడమో చెయ్యాలి.

మీ ఇంటి అటక మీదో, ఊళ్లో గొడ్ల చావిడి దూలం మీదో ఒక చిత్రిక ఉండే ఉంటుంది. పాత ఇనుము బండి వచ్చినప్పుడు దాన్ని తూకానికి వెయ్యకండి. కిందికి దించి, తుడిచి, బ్లేడు విప్పి ఒకసారి సానరాయి మీద పట్టి చూడండి. మీకు అక్కర్లేకపోతే పని నేర్చుకుంటున్న కుర్రాడెవరికైనా ఇవ్వండి. మరలు మాత్రం ఒక్కటి కూడా పోకుండా చూసి ఇవ్వండి.